మసి రాల్చని ఏడాది

తెల్లారేసరికి కొల్లేటి మీది పొగమంచు ఆకివీడు పక్కనున్న ఆ పెంకుటింటి వాకిట్లోకి వచ్చేసింది. కనకరత్నం అప్పటికే పొయ్యి వెలిగించింది. చేపల చెరువుల మీద పనిచేసేవాళ్ళకి రోజూ అన్నాలు ఆ ఇంటినుంచే వెళ్తాయి. అంతంత గుండిగలు గ్యాస్ మీద నిలబడవు గనక తుమ్మకట్టెలే గతి. పొగ పోవడానికి వంటింటి కప్పులోంచి ఇటుకల గొట్టం ఒకటుంది. కట్టింది ఆమె భర్త సోమరాజు. ఏటా చలి ముదరకముందే కప్పెక్కి, కాలు ఆనడానికి రెండు పెంకులు తీసి, మోకుకి రాయీ కొబ్బరిపీచూ కట్టి గొట్టంలోకి దించి, మసంతా రాల్చేది కూడా ఆయనే.

ఈ ఏడు మాత్రం నిచ్చెన గోడకే ఆని ఉండిపోయింది.

“ఏవండీ, మళ్ళీ నిచ్చెన దగ్గరికి వెళ్తున్నారేంటి?” అంది కనకరత్నం.

“పొగ వెనక్కి తంతోంది రత్నం. గోడలు ఎలా నల్లబడ్డాయో చూడు. ఎంతసేపు పని?”

“కోడలు కడుపుతో ఉందండీ. కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో కప్పు కదపకూడదని ఎన్నిసార్లు చెప్పాలి? అప్పుడూ ఇలాగే ఎంతసేపు పనన్నారు. ఏమైందో మర్చిపోయారా?”

సోమరాజు వెనక్కి తిరిగాడు. ఆ ఒక్క మాటతో ఆయన నోరు మూయించడం ఆమెకి అలవాటే. కొడుకు మోహన్ కంటే ముందు కడుపున పడ్డ మగపిల్లాడు కడుపులోనే పోయాడు. అంతకు ముందు నెలలో, వానకి కారుతోందని సోమరాజు ఇదే వంటింటి పెంకులు సర్దాడు. అంతే, ఆ పాపం ఆయన నెత్తిన పడింది. కూరలో ఉప్పు ఎక్కువైందన్నా పెంకుల మాటే, పండక్కి చీర తేలేదన్నా పెంకుల మాటే. ఆయన మాత్రం ఏనాడూ ఎదురు చెప్పలేదు. మంచివాడని ఊరంతా అంటారు. ఆ మంచితనం ఆ ఇంట్లో ఎవరికీ మంచి చేయలేదు.

నెలలు నిండుతున్న కోడలు సత్యశ్రీ శాలువా కప్పుకుని వచ్చింది.

“రామ్మా, పొయ్యి దగ్గర కూర్చో. చలిగాలి నీకు అసలు తగలకూడదు.”

“కళ్ళు మండుతున్నాయి అత్తయ్యగారూ. నిన్నటినుంచీ ఒకటే తలనొప్పిగా ఉందండీ.”

“ఈ కాస్త పొగకేనా? మేమంతా ఇందులోనే పెరగలేదా! తలుపేసేస్తాను, వెచ్చగా ఉంటుంది. గంజి పొంగకుండా చూస్తుండు, చాలు.”

తలుపు లాగేసి, క్యారేజీలు తోముకోవడానికి కనకరత్నం నూతి దగ్గరికి వెళ్ళింది. ప్రేమతోనే వేసింది ఆ తలుపు. అందుకే తర్వాత తనని తాను క్షమించుకోలేకపోయింది.

అన్నం మాడిన వాసనకి పరుగెత్తుకొచ్చి తలుపు తోస్తే లోపల పొగలో మనిషికి మనిషి కనిపించలేదు. సత్యశ్రీ గోడవారగా ఒరిగిపోయి ఉంది.

“ఏవండీ! అమ్మాయి పడిపోయిందండీ!”

సోమరాజు కోడల్ని వాకిట్లోకి మోసుకొచ్చాడు. మోహన్ చెరువు మీద నుంచి వ్యాను తెచ్చాడు.

ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టాక డాక్టరమ్మ బయటికొచ్చింది. “బిడ్డ గుండె కొట్టుకుంటోంది గానీ నీరసంగా ఉంది. రేపటిదాకా ఏమీ చెప్పలేను. తలుపులేసిన గదిలో కట్టెల పొగేంటండీ? తల్లికే ఊపిరాడకపోతే బిడ్డకేం అందుతుంది? ఇలాగైతే పిల్లలు కడుపులోనే పోతారు.”

ఆవిడ లోపలికి వెళ్ళగానే మోహన్ తల్లి మీద విరుచుకుపడ్డాడు.

“నాన్నగారు మసి దులుపుతానని కార్తీకం నుంచీ మొత్తుకుంటున్నారు. వినలేదు. ఇప్పుడు సంతోషంగా ఉందా అమ్మా?”

“నీకేం తెలుసురా! మీ అన్న ఎలా పోయాడో తెలుసా? మీ నాన్నగారు పెంకులు కదిపారు గనకే కడుపులోనే...”

ఆ మాట దగ్గర ఆగిపోయింది. అదే మాట ఇందాక డాక్టరమ్మ అంది. అప్పటి వానాకాలం కళ్ళముందుకొచ్చింది. తడిసిన కట్టెలు, మూసిన తలుపు, వెచ్చగా ఉంటుందని పొయ్యిని అంటుకుని కూర్చున్న తను.

“ఏవండీ, అప్పుడు మన వంటింట్లో గొట్టం లేదు కదూ?”

సోమరాజు తల అడ్డంగా ఊపాడు.

“అప్పటి డాక్టరు మీకేమైనా చెప్పాడా?”

“చెప్పాడు. పొగేనన్నాడు. అందుకే ఆ ఏడే గొట్టం కట్టాను.”

“మరి నాకెందుకు చెప్పలేదండీ? ఇన్నేళ్ళూ నా చేత ఎందుకు అనిపించుకున్నారు?”

“పొయ్యి దగ్గర కూర్చున్నది నువ్వు. చెబితే నువ్వు బతికేదానివా? నన్ను తిట్టుకుంటూనైనా ఇంత అన్నం తినేదానివి.” ఆయన కోడలున్న గది వైపు చూశాడు. “కానీ చెప్పాల్సింది రత్నం. చెప్పి ఉంటే ఈ పిల్ల ఇవాళ ఇక్కడ పడుకునేది కాదు. ఈ తప్పు మాత్రం నాదే.”

“ఇంకే తప్పూ మీ నెత్తిన వేసుకోకండి,” అంటూ ఆమె ఆస్పత్రి వరండాలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. మోహన్ లేవదీయలేదు. వాడి కోపం ఇంకా చల్లారలేదు.

మర్నాటికి బిడ్డ గుండె కుదుటపడింది. గండం గడిచినట్టేనని డాక్టరమ్మ అన్నాక కనకరత్నం తిన్నగా ఇంటికొచ్చి, తనే నిచ్చెన మోసుకొచ్చి కప్పుకి ఆనించింది.

“ఎక్కండి.”

సోమరాజు పెంకులు తీసి మోకు దించాడు. ఏటా రాయి అడుగుదాకా చేరిందో లేదో చూసుకోవడానికి ఆయనే దిగి, మళ్ళీ ఎక్కేవాడు. కింద నిలబడి చెప్పమని భార్యని అడిగే ధైర్యం ఎప్పుడూ లేకపోయింది. ఈసారి ఆమె పొయ్యిలోకి వంగి చెయ్యి చాపింది.

“అందింది, లాగండి!”

గొట్టంలోంచి మసి దభాలున రాలింది.

“మొహం పక్కకి తిప్పుకో రత్నం, నీ మీద పడుతోంది!” పైనుంచి అరిచాడు సోమరాజు.

“పడనివ్వండి,” అంది కనకరత్నం.