తుప్పు కింద తీగ

ఆ ఇంటి వెనక రేకుల షెడ్డుకి పేరు చెడిపోయి ఆరేళ్లయింది. చీకటి పడితే ఆ సందులోంచి ఎవరూ నడవరు. చుట్టు తిరిగైనా పెద్ద వీధిలోంచే పోతారు. ఎందుకంటే... తాళం వేసిన ఆ షెడ్డులోంచి అర్ధరాత్రి సుత్తి దెబ్బలు వినిపిస్తాయి. ఠంగ్... ఠంగ్... కాసేపు ఆగి, మళ్లీ ఠంగ్.

పాలవాడు తన చెవులతో విన్నానంటాడు. క్షవరం షాపతను ఇంకో అడుగు ముందుకేసి, దెబ్బకీ దెబ్బకీ మధ్య మూలుగు కూడా విన్నానంటాడు. దెయ్యాన్ని చూసినవాళ్లకంటే, చూసినవాణ్ణి చూసినవాళ్లే ఎప్పుడూ ఎక్కువ. కానీ ఒక్కటి మాత్రం నిజం. ఆ షెడ్డులో ఒక మనిషి చచ్చాడు. పగవాడికి కూడా వద్దనిపించే చావు.

చచ్చినవాణ్ణి అందరూ సుత్తి అనేవాళ్లు. సోది చెప్తాడని కాదు, అసలు మాట్లాడ్డమే తక్కువ. చేతిలో ఎప్పుడూ సుత్తి ఉండేదని ఆ పేరు. సొట్టలు తీయడం, తుప్పు పట్టిన రేకు కోసేసి కొత్త రేకు అతకడం వాడి పని. వైరింగు పని ఇంటాయనది. మన కథ ఆయన తమ్ముడిది కాబట్టి మనమూ ఆయన్ని అన్నయ్య అనే అందాం. ఇద్దరూ కలిసి ఓ పాత కారు తెచ్చి షెడ్డులో పెట్టుకుని, దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని పంతం పట్టారు.

ఇద్దరికీ కోపం ముక్కు మీదే. అన్నయ్య ఓసారి పానాతో కొట్టి సుత్తి పన్ను రాలగొట్టాడు. సుత్తి కాలుతున్న వెల్డింగు కడ్డీతో అన్నయ్య ముంజేతికి వాత పెట్టాడు. అయినా విడిపోలేరు. వాడు లేకపోతే బండికి ఒళ్లు లేదు, ఈయన లేకపోతే ప్రాణం లేదు. అందుకని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఒకడి పనిలో ఇంకొకడు వేలు పెట్టకూడదు, ఒకడి సామాను ఇంకొకడు ముట్టకూడదు.

ఆరేళ్ల కిందట ఓ రాత్రి... గోడకీ బంపర్‌కీ మధ్య నిలబడ్డ సుత్తి మీదికి ఆ కారు దూకింది. ఛాతీ నుజ్జయిపోయింది. కేకలు విని జనం పరిగెత్తుకొచ్చేసరికి అన్నయ్య మోచేతుల దాకా నెత్తురుతో నిలబడి ఉన్నాడు. తాళంచెవి ఆయన జేబులోనే ఉంది.

"నేను ముట్టుకోలేదు. కారు దానంతటదే కదిలింది" అన్నాడు. పోలీసుల దగ్గర అదే మాట, కోర్టులోనూ అదే మాట. ఎవడు నమ్ముతాడు? యావజ్జీవం వేశారు.

తమ్ముడొక్కడే నమ్మాడు. అతను బస్సుల డిపోలో ఎలక్ట్రీషియను. తండ్రి పోయాక అన్నం పెట్టిందీ, చేతికి పని నేర్పిందీ అన్నయ్యే. ఆరేళ్లు లాయర్ల గుమ్మాలు తొక్కితే, ఆఖరికి ఒకాయన దారి చూపించాడు.

"తాళం లేకుండా ఆ కారు కదలగలదని చూపించు. కేసు తిరగదోడిస్తాను. లేదంటే మీ అన్న అక్కడే ముసలాడవుతాడు."

కోర్టు తరఫున ఇంజినీరు రావడానికి ఆరు రోజుల గడువుంది. ఆలోపు ఆ కారుని ఆనాడు ఎలా ఉందో అలా బతికించాలి. పగలంతా డిపోలో డ్యూటీ. ఇక మిగిలింది రాత్రే.

మొదటి రాత్రి తాళం తీయబోతున్నాడు... లోపల ఠంగ్!

ఒక్క అడుగు వెనక్కేశాడు. అయినా తలుపు తోశాడు. చీకట్లో కారు బానెట్ మీద ఒక ఆకారం వంగి ఉంది. జుట్టు విరబోసుకుని ఉంది. గిర్రున తిరిగింది. సుత్తి గాలిలో లేచింది. తమ్ముడి చేతిలోని లైటు పగిలి ముక్కలైంది, వెనకే భుజం మీద ఇంకో దెబ్బ...

"వదినా! నేను!"

సుత్తి కిందపడింది. వదిన ఆయాసపడుతూ గోడకి జారగిలబడింది. వంటింటి వెనక తలుపు షెడ్డులోకే తెరుచుకుంటుంది. ఆరేళ్లుగా నిద్ర పట్టని రాత్రల్లా ఆవిడ ఆ తలుపు తీసుకుని వచ్చి, చేతులు లాగేదాకా కారుని బాదుతోంది. ఊరంతటినీ వణికించిన దెయ్యం ఇదీ!

"దీన్ని చూస్తే నా ఒళ్లు మండిపోతుంది మరిదీ" అంది మెల్లిగా. "ఇదే మీ అన్నని మింగింది."

"ఇదే ఆయన్ని కక్కుతుంది వదినా. నువ్వు టార్చి పట్టుకో చాలు."

ఆ రాత్రి నుంచి ఇద్దరూ పనిలో పడ్డారు. తీగలు సగం ఎలుకలు కొట్టేశాయి. తమ్ముడు ఒక్కో తీగనీ వెతికి, ఏ రంగుది ఎక్కడుంటే ఆ రంగే అక్కడ వేశాడు. సొంత తెలివి ఒక్కటీ చూపించలేదు. తుప్పు సంగతి చెప్పనక్కర్లేదు. స్క్రూడ్రైవరు ఆనిస్తే చాలు, అప్పడంలా విరిగి చేతిలోకొచ్చేది. డ్రైవరు కాళ్ల కింద రేకు పోయి నేల కనిపిస్తోంది. మెత్తబడిన మేర కోసేసి, చేతనైనట్టు కొత్త రేకు అతికాడు. హ్యాండ్‌బ్రేకు అప్పటి నుంచీ పనిచేయదు. షెడ్డు నేల వాలుగా ఉంటుంది కాబట్టి బండిని ఆ రోజుల్లోలాగే మొదటి గేరులో వదిలాడు.

అయిదో రాత్రికి కొత్త బ్యాటరీ ఎక్కించాడు. ఏమీ కాలేదు. హెడ్‌లైట్లు వెలిగాయి, హారను మోగింది. కారు మాత్రం బుద్ధిగా నిలబడి ఉంది. తెల్లారి పది గంటలకి ఇంజినీరు వస్తాడు. తమ్ముడికి ఏడుపొచ్చింది.

"ఇంకోసారి ముందు నుంచి చూస్తా" అని గోడకీ బంపర్‌కీ మధ్య దూరాడు. వదిన చేతిలో టార్చి మినుకుమినుకుమని ఆరిపోయింది. గోడకున్న మేకుకి సుత్తి వాడే చేతిలైటు వేలాడుతోంది. పొడుగు తీగది. ఆరేళ్లుగా దాన్నెవరూ ముట్టలేదు. తమ్ముడు తడిమి అందుకున్నాడు. బంపర్ పక్కనే, కారుకే దాని సాకెట్టు. ప్లగ్గు గుచ్చాడు.

కారు గుర్రుమంది.

సీట్లో ఎవరూ లేరు... తాళం లేదు... అయినా దూకింది. బంపర్ తొడని గోడకేసి నొక్కింది. ఎముక పటుక్కుమన్న చప్పుడు అతనికే వినిపించింది. కారు ఆగలేదు. గుర్రుమంటూ, ఎగిరెగిరి పడుతూ, ఇంకా నొక్కుతోంది... ఇంకా... ప్లగ్గు కాలి కిందెక్కడో ఇరుక్కుపోయింది, చేయి అందలేదు. నోట్లో నెత్తురు ఉప్పగా తగిలింది.

"బ్యాటరీ! వదినా, బ్యాటరీ మీద కొట్టు!"

వదిన సుత్తి ఎత్తింది. ఆరేళ్ల కసి అంతా ఆ చేతుల్లోనే ఉంది. ఒక దెబ్బకి నిప్పులు లేచాయి. రెండో దెబ్బకి కూడా ఊడలేదు. మూడో దెబ్బకి తీగ తెగి ఎగిరిపడింది. కారు చప్పబడిపోయింది. ఆవిడ గేరు తప్పించి, భుజం ఆనించి బండిని వెనక్కి నెట్టింది. తమ్ముడు గోడ వెంబడి కిందికి జారాడు.

నవ్వుతున్నాడు. కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి. "చూశావా... దానంతటదే... అన్నయ్య అబద్ధం చెప్పలేదు వదినా!"

వదిన నేల మీద కూలబడి బావురుమంది.

ఇంజినీరు వచ్చి వెళ్లాకే ఆసుపత్రి అన్నాడు తమ్ముడు. కదిలింది సరే, ఎందుకు కదిలిందంటే ఏం చెప్తాడు? విరిగిన కాలికి చెక్కముక్క కట్టించుకుని, నేల మీద పాకుతూ తీగ వెంట వెళ్లాడు. స్టార్టర్ దగ్గర్నుంచి ఒక తీగ, ఉండకూడని తీగ, తలుపు కింద బోలుగా ఉండే రేకులోకి దూరింది. దాని మీద సుత్తి అతికిన రేకు. తుప్పు బొబ్బలెక్కినా అతుకు గట్టిగానే ఉంది. గ్రైండరుతో కోశాడు. లోపల ఒక చిన్న రిలే, కరెంటు తగలగానే స్టార్టర్ తిప్పి గేరులో ఉన్న బండిని దూకించే స్విచ్చి, దాన్నుంచి హెడ్‌లైటు ప్లగ్గు వైపు పోయే తీగ.

వెల్డింగు చేసేది సుత్తి ఒక్కడే. తీగ లోపల పెట్టాకే ఆ రేకు మూశాడు. హెడ్‌లైటు ప్లగ్గు పెట్టేది అన్నయ్య ఒక్కడే. అన్నయ్య ముందు నిలబడి ప్లగ్గు పెట్టిన క్షణం కారు దూకాలి. గొయ్యి అన్నయ్య కోసం తవ్వినది!

"దొరికింది వదినా! అన్నయ్య బయటికొచ్చేస్తాడు!"

"నోరెండిపోయింది నీకు. ఉండు, మంచినీళ్లు తెస్తా" అంటూ ఆవిడ కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లింది.

తమ్ముడు తీగ చివర కోసం వేళ్లతో తడిమాడు. అది హెడ్‌లైటు దాకా వెళ్లలేదు. మధ్యలో తెగింది... కాదు, ఎవరో కోశారు. కోసిన చోట ఇంకో తీగ అతికి, సుత్తి చేతిలైటు సాకెట్టుకి కలిపారు. అతుకు మీద టేపు లేదు. మూడు మెలికలు, వెనక్కి ఒక మడత, పైన మైనం పట్టించిన దారం, అడ్డంగా ఒక ముడి. టేపు వేడికి ఊడిపోతుందిరా, దారం చచ్చేదాకా వదలదు అని అన్నయ్య నెత్తి మీద మొట్టి మరీ నేర్పిన ముడి. ఊరు మొత్తానికి అది వేసేవాళ్లు ఇద్దరే.

సుత్తి పెట్టిన ఉచ్చు అన్నయ్యకి దొరికింది. తెంపి పారేస్తే సరిపోయేది. నలుగుర్నీ పిలిచి చూపించినా సరిపోయేది. అలా చేయలేదు. తీరిగ్గా కూర్చుని, ముచ్చటగా ముడి వేసి, ఆ ఉచ్చుని సుత్తికే తగిలించాడు.

వంటింట్లో గ్లాసు చప్పుడైంది. తమ్ముడు చటుక్కున అటు చూశాడు. కటింగ్ ప్లయరు తీసుకుని ముడికి అటూ ఇటూ కత్తిరించి జేబులో వేసుకున్నాడు. తీగని హెడ్‌లైటుకే కలిపేశాడు. వదిన నీళ్లిస్తే గటగటా తాగాడు.

ఇంజినీరు చూశాడు, రాసుకున్నాడు. కోర్టూ నమ్మింది. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారని ఊరంతా బుగ్గలు నొక్కుకుంది. నాలుగు నెలలకి అన్నయ్య ఇంటికొచ్చాడు.

వచ్చిన రాత్రే షెడ్డులోకి వెళ్లాడు. చాలాసేపు బయటికి రాలేదు. తర్వాత వచ్చి, మెట్టు మీద కర్ర పక్కన పెట్టుకుని కూర్చున్న తమ్ముడి పక్కనే కూర్చున్నాడు. భుజం మీద చేయి వేశాడు.

"ముడి ఏదిరా?" అన్నాడు... గుసగుసగా.

తమ్ముడు కర్ర దగ్గరికి లాక్కున్నాడు. "పారేశాను."

"ఎవరికైనా చూపించావా?"

"లేదన్నయ్యా."

"వదినకి?"

"లేదు."

"మంచిది." అన్నయ్య ప్రేమగా భుజం నిమిరాడు. "రేపు రాత్రి ఆ హెడ్‌లైట్లు సరిచేద్దాం. నువ్వు ముందు నిలబడు... నేను సీట్లో కూర్చుంటాను."