చేతులు పట్టేవాడు

ఓదెలు గుమ్మం ముందు చెప్పులు విడిచి, భుజం మీది మెత్తటి నూలు పట్టీలను చేతికి చుట్టుకున్నాడు. లోపల ఏడుపు వినిపిస్తోంది. గుండెలు బాదుకునే చప్పుడు మాత్రం ఇంకా లేదు.

గుమ్మంలో ఉన్న సదానందం అతన్ని ఎగాదిగా చూశాడు. "లాఠీ ఓదెలువు నువ్వే గదా అన్నా? గనుల సమ్మెల నా ఈపు పగలగొట్టినవ్."

"కొట్టిన తమ్మీ. ఇరవై ఏండ్లు అదే పని. మీ అక్క యాడుంది?"

"ఇగ మా అక్కను కొట్టుకోకుంట పట్టుకుంటవా? మంచిగనే దొరికింది నీకు నౌకరి," అంటూ సదానందం పక్కకు తప్పుకున్నాడు.

ఆ ఊళ్లో ప్రతి మెడ వెనుకా చర్మం కింద బియ్యపు గింజంత ప్రతిఘాతిని అనే పరికరం ఉంది. ఎవరు ఎవరిని కొట్టినా అంత బాధా కొట్టినవారికీ తగులుతుంది. అది వచ్చిన ఏడాదికే వీధి కొట్లాటలు ఆగిపోయాయి. లాఠీ ఎత్తిన పోలీసు తానే కూలబడ్డాడు. లాఠీదళాన్ని రద్దు చేసి, హెడ్ కానిస్టేబుల్ ఓదెలును ఇంటికి పంపారు.

తనను తాను కొట్టుకునే మనిషి సంగతి దాన్ని తయారు చేసినవారికి తట్టలేదు. అప్పుడు బాధ ఒకే ఒంట్లో తిరిగి తిరిగి రెట్టింపవుతుంది. నాలుగైదు దెబ్బలకు గుండె ఆగిపోతుంది.

ఓదెలు ఉద్యోగం పోయిన నెలలోనే అతని అత్త చనిపోయింది. తల్లి శవం మీద పడి గుండెలు బాదుకుంటూ, అతని భార్య రాజమణి అందరూ చూస్తుండగా ఒరిగిపోయింది. ఆ తర్వాత చావు జరిగిన ఇళ్లవాళ్లు, బలమైన చేతులున్నాయని ఓదెలును పిలవడం మొదలుపెట్టారు.

లోపల సదానందం అక్క భూలక్ష్మి రెండు చేతులనూ ఇద్దరు ఆడవాళ్లు పట్టుకున్నారు. ఆమె ముందు కూతురు హారిక శవం ఉంది. పొద్దున లారీ కింద పడిన పిల్ల. ముఖం తప్ప తక్కినదంతా కప్పారు.

భూలక్ష్మి ఒక చేయి విదిలించుకుని గుండె మీద బలంగా కొట్టుకుంది. ఒళ్లంతా విల్లులా వంగింది. రెండోసారి కొట్టుకుంది. ముక్కులోంచి రక్తం కారింది.

ఓదెలు దూకి ఆమె మణికట్లు పట్టుకున్నాడు. ఆమె అతని ముంజేతిని కొరికింది. ఆ బాధ తన చేతికే తగిలినా పళ్లు వదలలేదు. తలతో అతని గడ్డాన్ని గుద్దింది.

"ఇడువు. నా బిడ్డ నలిగి సచ్చింది. నాకేం తాకొద్దా?"

ఇలాంటప్పుడు చెప్పడానికి ఓదెలు దగ్గర ఓదార్పు మాటలున్నాయి. అవి వదిలేసి, ఆమె చేతులు కట్టేందుకు తెచ్చిన పట్టీలు కింద పడేశాడు. ఆమె చేతిని తెచ్చి తన గుండె మీద ఆనించాడు.

"ఈడ కొట్టు చెల్లె. నీకు ఒక్కసారే తాకుతది, రెట్టింపు గాదు, గాని కొట్టినంతా తాకుతది. సావవు."

ఆమె కొట్టింది. పిడికిళ్లు బిగించి, కూతురి పేరు అరుస్తూ కొట్టింది. ప్రతి దెబ్బకూ ఇద్దరూ కలిసి మూలిగారు. ఓదెలు పక్కటెముక ఒకటి విరిగింది. విరగని తన పక్కటెముకను పట్టుకుని భూలక్ష్మి కూలబడి, అప్పుడు అందరిలాగే ఏడ్చింది.

సదానందం నీళ్ల చెంబు తెచ్చాడు. "లే అన్నా, దవఖానకు పోదాం."

ఓదెలు లేవలేదు. భూలక్ష్మి ముందే మోకాళ్ల మీద ఉన్నాడు.

"ఇంకొక్కటి కొట్టు చెల్లె," అన్నాడు. "నా రాజమణి పోయిననాడు నా చేతులు నలుగురు పట్టుకున్నరు. నన్ను కొట్టుకోనియ్యలే."

భూలక్ష్మి కళ్లు తుడుచుకుని చేయి ఎత్తింది.