పొద్దున పట్టేసే నడుము

నూనె కాగింది. మొక్కజొన్న అరెపాలు కొనడానికి గుమ్మం దగ్గర అప్పుడే నలుగురు చేరారు. పిండి కలపాల్సిన కూతురు మాత్రం ఇంకా మంచం దిగలేదు. ఎడిల్సాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏమే మార్యోరిస్! ఎండ నెత్తికెక్కాక లేస్తావా?"

"నడుము పట్టేసిందమ్మా. గంటాగితే సర్దుకుంటుంది."

"సర్దుకోదూ మరి! సాయంత్రం కుంబియా డాన్సు రిహార్సల్లో గిరగిరా తిరగాలిగా!"

కార్నివాల్ పండుగ ముందు బరాంకియా ఊళ్ళో ఏ ఆడపిల్లా ఇంట్లో కుదురుగా ఉండదని ఎడిల్సాకు తెలుసు. కానీ ఇరవయ్యారేళ్ళ ఈ పిల్లకు మూడేళ్ళుగా పేగుల జబ్బు. నాలుగు నెలల నుంచి ఈ నడుము నొప్పి ఒకటి. పేటలో తైలం రుద్దే ముసలాయన, నరం తప్పింది, పదిహేను రోజులు కదలనివ్వకు అన్నాడు. ఎడిల్సా ఆ మాటే పట్టుకుని, కూతురి డాన్సు పావడాను ఆరోజే బీరువాలో పెట్టి తాళం వేసింది.

పడుకున్నకొద్దీ నొప్పి ముదిరింది. తెల్లవారుజామున ఆ మూలుగులు వింటుంటే తల్లికి కాలు నిలవలేదు. వంటింట్లోంచి గదిలోకి, గదిలోంచి వంటింట్లోకి ఊరికే తిరిగేది.

పదో రోజు మార్యోరిస్ గోడ పట్టుకుని లేచింది. "తాళంచెవి ఇవ్వమ్మా. కదిలితేనే నాకు తేలిగ్గా ఉంటుంది."

"నాటకాలాడకు! నొప్పున్న నడుము ఎక్కడైనా డాన్సు చేస్తుందా?"

"నావన్నీ నాటకాలైతే ఇక్కడెందుకు? పిన్ని ఇంటికి పోతాను."

మర్నాడు ఎడిల్సా కూతుర్ని ఎప్పుడూ చూసే పేగుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళి అంతా ఏకరువు పెట్టింది. "మీరైనా దీనికి గడ్డి పెట్టండి. పొద్దున కొయ్యలా పడుంటుంది, సాయంత్రం చిందులేస్తుంది. పడుకోమంటే నొప్పి ఎక్కువవుతోందంటుంది!"

డాక్టరమ్మ రాస్తున్నదల్లా ఆపింది. "మళ్ళీ చెప్పండమ్మా. పడుకుంటే ఎక్కువ, తిరిగితే తక్కువా?"

"అవును. పొద్దున గంటసేపు వంగలేను," అంది మార్యోరిస్.

"మామూలు నడుము నొప్పి విశ్రాంతితో తగ్గుతుంది. ఇది పెరుగుతోంది. పేగుల జబ్బున్న కొందరికి వెన్ను కీళ్ళలోనూ వాపొస్తుంది. ఇది అదే కావచ్చు. స్కానింగ్ తీయించి కీళ్ళ డాక్టరుకు చూపిద్దాం. సొంతంగా నొప్పి మాత్రలు మాత్రం వేసుకోకు, పేగులకు చేటు."

ఎడిల్సా కూతురి వైపు తిరిగింది. పిల్ల మొదటి రోజు నుంచీ చెప్పింది ఇదే.

వరండాలో స్కానింగ్ కోసం చాలామంది ఉన్నారు. ఒక కుర్చీ ఖాళీ అయింది. కూర్చో అనబోయి ఎడిల్సా నాలుక్కరుచుకుంది. కళ్ళు తుడుచుకుని కూతురికి చెయ్యి అందించింది.

"నిన్ను నమ్మలేదే తల్లీ. పద, పిలిచేదాకా నడుద్దాం."