ఉల్లిపాయ వద్దన్న చీటీ

మా ఆడపడుచు మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆమె పుట్టి ఇరవై ఆరేళ్లయింది, ఇంతవరకు ఒక్క తప్పు కూడా తనది కాలేదు. పాలు పొంగితే తప్పు స్టవ్‌ది. బస్సు తప్పిపోతే తప్పు బస్సుది.

కళ్లజోళ్ల షాపులో చూపు పరీక్షించడం ఆమె ఉద్యోగం. మధ్యాహ్నం తిండి ఎదురుగా ఉన్న సాండ్‌విచ్ షాపులో. అక్కడ కావలసింది చీటీ మీద రాసిస్తే, కౌంటర్ వెనక కుర్రాడు చేసిచ్చి, చీటీని మేకుకు గుచ్చుతాడు.

"వదినా, ఇవాళ కూడా ఉల్లిపాయ పెట్టాడు!" చెప్పులు విప్పకముందే రోజూ ఇదే వార్త. "కళ్లు కనబడవా, మా షాపుకు రండి, టెస్ట్ చేస్తానన్నాను."

"ఏమన్నాడు?"

"నవ్వాడు! నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట ఒకటి."

"వేరే షాపుకి వెళ్లొచ్చుగా?"

"నేనెందుకు వెళ్లాలి? తప్పు అతనిది."

సొట్ట సంగతి నేను మనసులో రాసుకున్నాను.

ఒకరోజు కోపం ముదిరి ఓనరమ్మకు ఫిర్యాదు చేసొచ్చింది. ఆవిడ కుర్రాడికి మేనత్త. సోమవారం నుంచి వాణ్ని ఊరవతలి బ్రాంచికి పంపేస్తానందట. గెలిచొచ్చిన మనిషి కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు.

మర్నాడు నేనే వెంటబెట్టుకెళ్లాను. మమ్మల్ని చూడగానే ఓనరమ్మ చీటీల కట్ట తీసింది.

"ఏమ్మా, మొదటి రోజు 'ఉల్లిపాయ వద్దు' అని రాశావు. అది మావాడి తప్పే, చీటీ చూడకుండా నిన్ను చూశాడు. తర్వాతి పదకొండు చీటీల్లో ఆ మాటే లేదు. ఈ రాత నీదేనా?"

మా ఆడపడుచు చెవులు ఎర్రబడ్డాయి.

"మరి నువ్వు నోరు విప్పవేంరా?" ఓనరమ్మ మేనల్లుడి మీద పడింది.

అతను గ్లౌజులు విప్పి, మళ్లీ తొడుక్కున్నాడు. "చెప్తే రేపట్నుంచి రాస్తారేమోనని. రాస్తే సరిగ్గా చేసివ్వాలి. సరిగ్గా చేసిస్తే తీసుకుని వెళ్లిపోతారు."

షాపంతా మమ్మల్నే చూస్తోంది. క్యూలో ఒక పెద్దాయన మాత్రం, "ఇంతకీ నా సాండ్‌విచ్?" అన్నాడు.

"కాస్త ఆగండి బాబాయ్‌గారూ," అని, నేను మా ఆడపడుచు వైపు తిరిగాను. "నువ్వెందుకు రాయలేదే?"

ఆమె బ్యాగు జిప్పు తీసింది, వేసింది. "రాస్తే పోట్లాడ్డానికి ఏముంటుంది వదినా?"

అతని ఎడమ బుగ్గ మీద సొట్ట పడింది. నిజమే, బాగుంది.

"ఆయన్ని ఎక్కడికీ పంపకండి," అందామె ఓనరమ్మతో.

"ఎందుకట?"

మా ఆడపడుచు గొంతులో ఏదో గొణుగుడు వినిపించింది.

"వినబడలేదు," అన్నాను నేను. ఇలాంటి అవకాశం మళ్లీ రాదు.

"తప్పు నాదే వదినా! మొత్తం నాదే!"