పాత కంప్యూటర్‌కు మొదటి బొట్టు

సూరత్ దగ్గర డుమస్ తీరంలో, మూతపడిన భజ్జీల బండి వెనక, ఏజెంట్ శ్యాంసుందర్ శవం దొరికింది. మూతికి మాస్కు సరిగ్గానే ఉంది. వీపులో కత్తి కూడా సరిగ్గానే ఉంది.

ఆ మధ్యాహ్నమే ఊళ్లో, లింబాయత్‌లో ఏజెంట్ పరమేశ్వర్‌కు ఒక కొత్త మాస్కు అందింది. కుట్టు విప్పి చెవికి ఆనించుకుంటే చీఫ్ గొంతు.

"నల్లతేలు ముఠా ఇవాళ దీపాలు పెట్టే వేళకు ఆక్సిజన్ ప్లాంట్‌ను ఆపేస్తుంది. విరుగుడు ప్రోగ్రామ్ ఒక్కటే కాపీ, మీ ఇంటి పాత కంప్యూటర్‌లో. దానికి ఇంటర్నెట్ ఎక్కదు. కొత్తది పంపుతున్నాను. ఫైల్ అందులోకి మార్చి ప్లాంట్‌కు పంపు. ఓవర్."

 పరమేశ్వర్ బావ దేవదాస్ ఆస్పత్రిలో ఆ ఆక్సిజన్ మీదే ఉన్నాడు. పరమేశ్వర్ తక్కువవాడేం కాదు. వరదలో మొసలి వీపెక్కి తాపీ నది దాటినవాడు, దిగేటప్పుడు దాని తల నిమిరి మరీ వచ్చినవాడు. కానీ ఫైల్ మార్చమనేసరికి కంప్యూటర్‌కు రెండడుగులు దూరం జరిగాడు.

తలుపు చప్పుడైంది.

"నూలు తడిసిందా?"

"ఎండకేసిన."

కోడ్ కుదిరింది. కొత్త కంప్యూటర్‌తో ఏజెంట్ సంధ్యారాణి లోపలికి వచ్చింది. తల నుంచి కాలి దాకా పీపీఈ కిట్టే, అయినా ఆ నడక చూసి వీధి చివరి పోలీసు వెదురు గేటు తానే ఎత్తాడట. రెండు కంప్యూటర్లకూ కేబుల్ కలిపింది. తెర మీద పచ్చగీత పాకడం మొదలైంది. మర్యాదగా అతని చేతుల్లో శానిటైజర్ పోసింది. అంతే, మెడ నుంచి మడమ దాకా బిగుసుకుపోయాడు.

"సారీ ఏజెంట్. శ్యాంసుందర్ కూడా ఇలాగే నమ్మాడు. గీత చివరికి చేరితే ఫైల్ మా వాళ్లది. పాతదాంట్లో తుడిచిపెట్టుకుపోతుంది."

వాచీలో తుపాకీ ఉంది, బూటులో రేడియో ఉంది. నొక్కడానికి వేలు లేవదు. గీత ఆగినప్పుడల్లా ఆశ, కదిలినప్పుడల్లా బావ ముఖం. కొడిగట్టే దీపాన్ని గాజు అవతలి నుంచి చూస్తున్నట్టు చూస్తూ ఉండిపోయాడు.

అప్పుడు పసుపు కుంకుమల పళ్లెంతో అతని తల్లి ఎల్లవ్వ వచ్చింది. కళ్లు తేలేసి, నోరు తెరిచి, తెరకేసి చూస్తున్న కొడుకును చూసింది. ఆమెకు ఏ అనుమానమూ రాలేదు.

"దినాం గిట్లనే ఉంటడు బిడ్డా," అని సంధ్యారాణితో చెప్పుకుంది. "పిలిస్తే పలుకడు."

ఆమె పుట్టి పెరిగిందంతా మరమగ్గాల మధ్యే. మగ్గాన్ని సాంచ అనే వాళ్లలో కొత్త సాంచ వస్తే, మొదటి బొట్టు పాత సాంచకు. ఎల్లవ్వ లెక్కలో కంప్యూటరూ సాంచే. ఆమె చెయ్యి మెయిన్ స్విచ్ మీదికి పోయింది.

"అమ్మా, ఒక్క నిమిషం ఆగండి."

"నడిచే సాంచకు ఎవలన్న బొట్టు వెడ్తరా? ఏలు పోతది."

టప్‌మంది స్విచ్. గీతకు ఇంకా వెంట్రుకవాసి మిగిలే ఉంది. ఫైల్ దాటలేదు, పాతదాంట్లో భద్రంగా ఉండిపోయింది.

ఫ్యానూ ఆగింది. మే నెల సూరత్, పైన రేకులు, ఒంటి మీద పీపీఈ కిట్టు. సంధ్యారాణి పిస్తోలు తీసింది గానీ కళ్లద్దాల నిండా చెమట ఆవిరి. గోడకు గురిపెట్టి, అలాగే జారిపడిపోయింది.

"పాపం, పొద్దుగాల నుంచి ఏం తిననట్టున్నది," అంటూ ఎల్లవ్వ పళ్లెంతో గాలి విసిరింది.

మందు దిగేసరికి పొద్దు వాలింది. పరమేశ్వర్ సంధ్యారాణి కాళ్లూ చేతులూ కట్టి, ఆమె కిట్టు తొడుక్కుని, బొట్టు పెట్టిన పాత కంప్యూటర్‌నే భుజానికెత్తుకుని ఆటో ఎక్కాడు. గేటు మళ్లీ లేచింది. ప్లాంట్‌లో ఆక్సిజన్ మీటరు ముల్లు సున్నా మీద వాలబోతుండగా పాత కంప్యూటర్ వైరు గుచ్చాడు. ముల్లు వణికింది, ఆగింది, లేచింది. ఆస్పత్రిలో దేవదాస్ ఒత్తిగిలి చాయ్ అడిగాడు.

ఆ వారమే చీఫ్ నుంచి మరో మాస్కు.

"శెభాష్. నీకు బహుమతిగా ఇంకో కొత్త కంప్యూటర్. ఫైళ్లన్నీ అందులోకి మార్చుకో."

పరమేశ్వర్ బూటు విప్పి రేడియోలో జవాబిచ్చాడు.

"సార్, నన్ను మల్ల మొసలి మీదికే తోలున్రి."