పొలమారిన ఇంజిన్

విమాన నమూనాలని పరీక్షించే గాలి సొరంగంలో గాలిని వదిలాక మధ్యలో ఆపడమంటే ఉరుకుతున్న ఎద్దు ముక్కుతాడు గుంజడమే. సొరంగం నడిపే అతను గుంజాడు. అద్దం వెనక నమూనా దబదబా కొట్టుకోవడం చూసి ఎర్ర బటన్ నొక్కేశాడు.

చప్పుడు సద్దుమణగకముందే డిజైనర్ కంట్రోల్ రూములోకి వచ్చింది. వచ్చింది అనడం మర్యాద. ఊడిపడింది. ఆ నమూనా ఆమెది మరి. ధ్వనిని మించి పరిగెత్తే విమానానికి, ఇంజిన్ ముందుండే గాలినోరు. ఇన్‌టేక్ అంటారు.

"ఎవర్నడిగి ఆపారు?"

"దానికి పొలమారిందండీ."

ఆమెకు నవ్వొచ్చింది. పోట్లాడ్డానికి వచ్చింది కనక మింగేసింది.

ల్యాబులో అతని పేరు బల్లి. ఎదురుగా ఎవరొచ్చినా నడవా అంతా వాళ్లకే వదిలేసి గోడకి అతుక్కుంటాడు. ఈమె ఎదురైతే చొక్కాకి సున్నం అంటేదాకా అతుక్కుంటాడు. ఎందుకో ల్యాబంతా ఎరుగును, ఆమె తప్ప.

ఆమె తెర మీద బొమ్మ చూపించింది. గాలి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగే చోటు, అంటే షాక్ వేవ్, నల్లటి గీతలా అడ్డంగా ఉంది. తన డిజైన్‌లో తప్పేం లేదట. నడిమి గాలి షాక్‌ని దాటి దర్జాగా లోపలికి పోతోందట. తప్పంతా గోడవార గాలిదేనట.

"ఈ బౌండరీ లేయర్ ఉంది చూశారూ, షాక్ కనపడగానే వెనక్కి తిరిగి దారికి అడ్డం పడుతోంది. అచ్చం మీలాగే."

బల్లికి రోషమొచ్చింది.

"దాన్నంటారేంటండీ? గోడని రాసుకుంటూ వచ్చీ వచ్చీ దాని ఓపిక అయిపోయింది. అంత ఒత్తిడి ఒక్కసారిగా మీద పడితే ఎవరైనా వెనక్కే తిరుగుతారు. ఆ గోడకి సన్న కన్నాలు పెట్టించండి. అలిసిన గాలి అటు పోతుంది, మిగిలింది నిలబడుతుంది."

ఆమె కస్సుమంది. అద్దంలా నునుపు తేల్చిన గోడకి కన్నాలా? పైగా ఇంజిన్‌కి పోవాల్సిన గాలి దండగ. అందం ఏం కాను?

"చెవులు కుట్టించుకున్నారుగా. అందం ఏమైంది?"

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. "పెరిగింది," అన్నాడు. అని, వెళ్లి గోడకి అతుక్కున్నాడు.

ఆమె చెవి తడుముకుంటూ వెళ్లిపోయింది.

క్యాంటీన్ వరసలో అతనికి అసలు సంగతి తెలిసింది. ఇంకోసారి పొలమారిందా, నమూనా స్టోర్ రూముకి, డిజైనర్ తన పాత ఆఫీసుకి పోవాల్సిందేనని పెద్దసారు తేల్చేశాడట. ఆ ఆఫీసు వేరే ఊళ్లో ఉంది. అతను ఖాళీ కంచం అక్కడే పెట్టేసి వరసలోంచి వెళ్లిపోయాడు.

ఆమె లెక్కలు వేసింది, కొట్టేసింది, మళ్లీ వేసింది. దండగయ్యే గాలి తను భయపడినంత లేదు. చివరికి వర్క్‌షాపులో దగ్గరుండి కన్నాలు పెట్టించింది. డ్రిల్లు దిగిన ప్రతిసారీ తన చెవే కుట్టినట్టు మొహం పెట్టింది.

పరీక్ష రోజు గాలి వదిలారు. నల్లగీత వణికింది. అతని వేలు ఎర్ర బటన్ మీద చెమటకి జారిపోతోంది. గీత ఇంకాస్త ఊగింది. ఊగి, ఉన్నచోటే నిలబడిపోయింది. పెద్దసారు మూలిగాడు. ఆయన మెచ్చుకోవడం అలాగే ఉంటుంది.

నడవాలో ఆమె ఎదురైంది. అలవాటుగా అతను గోడకి జరిగాడు. ఆమె కూడా ఆ గోడకే జరిగి దారికి అడ్డంగా నిలబడింది.

"ఇప్పుడెటు పోతారు?"

"ఎటూ పోను. మీరెక్కడ వెళ్లిపోతారోనని చచ్చాను."

"అది నాతో చెప్పడానికి మీకూ కన్నాలు పెట్టాలా?"

ఆదివారం భోజనానికి రమ్మంది. వాళ్ల నాన్న పళ్ల డాక్టరు. ఎదుటివాళ్ల నోట్లో మాట ఉందని తెలిస్తే పీకేదాకా నిద్రపోడు. అతను ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆయన అడిగేశాడు.

"మా అమ్మాయిని ఎప్పుడు చేసుకుంటావబ్బాయ్?"

పొలమారింది. కళ్లల్లో నీళ్లు. ఆమె లేచి వచ్చి అతని నెత్తిన తట్టింది.

"ఎవరో తలుచుకుంటున్నార్రా," అన్నాడు నాన్న.

"ఎవరో ఏంటి నాన్నా, నేనే," అంది ఆమె. తట్టిన చెయ్యి మాత్రం తియ్యలేదు.