పంపిన తల్లి

“నా కూతురే బతికుంటే, కన్నబిడ్డని తుపాకీ మొయ్యడానికి పంపేదా?... సవతితల్లివి కాబట్టే నీకు చీమ కుట్టినట్టయినా లేదే శేషూ!”

గడపలో నిలబడి దుర్గాంబ వేసిన కేకకి, వీధిలో ట్రాక్టరుకి అరటిగెలలు ఎక్కిస్తున్న కూలీలు కూడా చేతులాపి ఇటు చూశారు. రేపల్లె నుంచి బస్సులో వచ్చి, బస్టాండు నుంచి ఎండలో నడుచుకుంటూ వచ్చిన ఆ పెద్దావిడ ముఖం కందగడ్డలా ఉంది. మనవరాలు సాహితి సైన్యానికి ఎంపికైందని పొద్దున్నే ఎవరో చెవిన వేశారు. అంతే! కాళ్ళు కడుక్కోలేదు, ఇచ్చిన మంచినీళ్ళు ముట్టలేదు.

శేషుకుమారి నీళ్ళచెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

సాహితికి ఆరేళ్ళప్పుడు కన్నతల్లి విషజ్వరంతో పోయింది. ఏడాది తిరగకముందే సీతారామాంజనేయులు, బాపట్ల దగ్గర పల్లె నుంచి శేషుకుమారిని రెండో పెళ్ళి చేసుకుని ఈ కొల్లూరు ఇంటికి తెచ్చుకున్నాడు. ఆమె కడుపు పండలేదు. అందుకు ఆమె ఏనాడూ కుమిలిపోనూలేదు. తల దువ్వించుకోవడానికి వచ్చి, జడ సగంలో ఉండగానే ఒళ్ళో నిద్రపోయే ఆ చిన్నదాన్ని చూస్తుంటే ఇంకో బిడ్డ ఎందుకనిపించేది! ‘పిన్నీ’ అన్న ఆ పిలుపులోనే ఆమెకు లోకమంతా ఉంది.

తెనాలి కాలేజీలో ఎన్.సి.సి.లో చేరినప్పటి నుంచి సాహితికి ఒకటే ధ్యాస... సైన్యం! ఆడపిల్లల్ని మిలిటరీ పోలీసులోకి తీసుకుంటున్నారని తెలిశాక ఇంక ఆగలేదు. తెల్లవారకముందే లేచి కరకట్ట మీద పరుగు. ఒంటరి ఆడపిల్లని ఎవరేమంటారోనని శేషుకుమారి స్కూటరు మీద వెనకాలే వెళ్ళేది. ఎదురొచ్చిన పాలవాళ్ళు నవ్వుకుంటే తనూ నవ్వేసేది. కానీ ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది... పిల్ల పరీక్ష తప్పాలని ఆమె శివాలయంలో మొక్కుకుంది! మొక్కుకున్న మరుక్షణమే, ‘ఎంత పాపిష్టిదాన్ని!’ అనుకుంటూ చెంపలు వాయించుకుంది.

“బాపట్లలో బంగారంలాంటి సంబంధం మాట్లాడుతున్నాను. కుర్రాడు బ్యాంకులో చేస్తున్నాడు. ఇప్పుడు వాళ్ళకి ఏ మొహం పెట్టుకుని చెప్పను?” దుర్గాంబ అల్లుడి వైపు తిరిగింది. “ఏంటల్లుడూ, నీకైనా నోరు లేదా?”

సీతారామాంజనేయులు అత్తగారి ముందుకి కుర్చీ జరిపాడు.

“నేను కాదనలేకపోయాను పెద్దమ్మగారూ... దానికి అంత ఇష్టమైతే...” అంది శేషుకుమారి.

“ఎందుకు కాదంటావులే! కని ఉంటే తెలిసేది నీకు!”

శేషుకుమారి చెంబు నెమ్మదిగా అరుగు మీద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

లోపలి నుంచి సాహితి విసురుగా వచ్చింది. “అమ్మమ్మా! పిన్ని నన్ను పంపట్లేదు. నేనే వెళ్తున్నా!”

“నీకేం తెలుసే పిచ్చిదానా! నాలుగేళ్ళు పని చేయించుకుని ఇంటికి పొమ్మంటారంటగా!”

“నలుగురిలో ఒకళ్ళని ఉంచుతారు. ఆ ఒక్కళ్ళూ నేనే అవుతా!”

దుర్గాంబ మెతుకు ముట్టకుండా తిరుగు బస్సు ఎక్కేసింది.

ఆ సాయంత్రం సీతారామాంజనేయులు భార్య పక్కన కూర్చుని, నేల చూపులు చూస్తూ, “ఊరంతా నిన్నే అంటారు శేషూ... మానిపించేద్దామా? నువ్వు ఒక్క మాటంటే అది ఆగిపోతుంది” అన్నాడు.

నిజమే! ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఎక్కడో తెలియని ఊళ్ళో, తెలియని మనుషుల మధ్య తన పిల్ల... కానీ ముందు గదిలో పెట్టె సర్దుకుంటూ కూనిరాగాలు తీస్తున్న సాహితి కనిపించింది.

“నన్నంటారని దాని కాళ్ళకి బంధం వేస్తామా అండీ? అననివ్వండి... పడతాను” అంది.

గుంటూరులో సైన్యం ఆఫీసు గేటు దగ్గర దిగబెట్టినప్పుడు కూడా ఆమె ఏడవలేదు. ఏడిస్తే పిల్ల వెనక్కి తిరుగుతుందేమోనని భయం! ‘కన్నీటిచుక్క రాలితే ఒట్టు! సవతిప్రేమ అంటే అదేగా మరి’ అని చూసినవాళ్ళు ఊళ్ళో చెప్పుకున్నారు. ఆ మాటా ఆమె దాకా వచ్చింది.

బెంగళూరులో శిక్షణ. ఫోను ఆదివారం సాయంత్రాలే ఇస్తారు. ఆ కాస్త సమయంలో పిల్ల చేసేది కొల్లూరు ఇంటికే! నెల గడిచేసరికి దుర్గాంబ పంతం నీరుగారింది. ఒక ఆదివారం సంచీ చంకన పెట్టుకుని దిగింది. శేషుకుమారిని పలకరించకుండా కుర్చీ ఫోను పక్కకి లాక్కుని కూర్చుంది. ఆ తర్వాత ప్రతి ఆదివారం అంతే! మొదట్లో కాఫీ ఇస్తే చల్లారిపోయేదాకా చూసేది. రానురాను, “పంచదార ఎక్కువైంది” అని విసుక్కుంటూనే తాగేసేది.

ఒక ఆదివారం ఫోను ఎత్తి స్పీకరు పెట్టగానే వెక్కిళ్ళు వినిపించాయి.

“పిన్నీ... నావల్ల కావట్లేదు పిన్నీ! కాళ్ళు వాచిపోయాయి. పరుగులో అందరికంటే నేనే వెనకబడుతున్నా. హిందీలో ఏం తిడుతున్నారో కూడా అర్థం కావట్లేదు... వచ్చేస్తాను పిన్నీ!”

ఇన్నాళ్ళూ బిగబట్టుకున్న శేషుకుమారి గుండె ఒక్కసారిగా కట్ట తెగింది! ఎదురుగా ఎవరున్నారో కూడా మరిచిపోయింది.

“వచ్చెయ్యవే నా తల్లీ! ఏ ఉద్యోగమూ వద్దు, ఏ గొప్పా వద్దు... నువ్వు లేక ఈ ఇంట్లో అన్నం సయించట్లేదే నాకు! మీ నాన్నని ఇప్పుడే బయల్దేరమంటాను. నువ్వెళ్ళిన రోజే చెప్పాల్సింది... వెళ్ళొద్దని కాళ్ళు పట్టుకోవాల్సింది!” అంటూ నేల మీద కూలబడిపోయింది.

దుర్గాంబ నిర్ఘాంతపోయింది. ఒక్క క్షణమే! మరుక్షణం ఆ చేతిలోని ఫోను లాగేసుకుంది.

“ఏయ్ సాహితీ! ఏంటే వచ్చేది? రేపల్లె బస్టాండులో టీకొట్టు వాడి దగ్గర్నుంచి అందరికీ చెప్పుకున్నానే, మా మనవరాలు మిలిటరీ పోలీసని! కాళ్ళు వాస్తే డాక్టరుకి చూపించు. తిడితే తిట్టనీ, అర్థం కాకపోతే ఇంకా మంచిది! కడుపునిండా తిని పడుకో. వచ్చే ఆదివారం కూడా ఇదే మాట అంటే అప్పుడు చూద్దాం!”

అవతల పిల్ల ఏడుపులోంచే ఫక్కున నవ్వింది. “సరే అమ్మమ్మా... పిన్నిని ఏడవొద్దని చెప్పు. నువ్వు దగ్గరుండి చూసుకో.”

ఫోను పెట్టేశాక దుర్గాంబ మోకాళ్ళ నొప్పులతో మెల్లగా కిందికి దిగి, శేషుకుమారి పక్కనే చతికిలబడింది.

“ఇంత కడుపులో పెట్టుకుని... ఆ రోజు నాతో ఒక్క మాటైనా అనలేదేంటే?”

“దాని సంతోషం పాడైపోతుందని పెద్దమ్మగారూ...”

“కని ఉంటే తెలిసేదన్నాను నిన్ను... నా నోరు పడిపోనూ! కన్న ప్రాణం నాదీ, నాకేం తెలిసింది?” దుర్గాంబ ఆమె తల తన భుజానికి ఆనించుకుంది. “ఏడువు. కరువు తీరా ఏడువు. ఎవరేమంటారో నేను చూస్తాను!”

తర్వాతి ఆదివారం సాహితి వచ్చేస్తానని అనలేదు. ఆ పై ఆదివారం, పరుగులో ఇద్దరిని దాటానని చెప్పింది!

శిక్షణ పూర్తయిన రోజు ముగ్గురూ బెంగళూరు వెళ్ళారు. మైదానంలో బ్యాండు మోగుతోంది. ఒకే దుస్తులు, ఒకే అడుగు... ఎవరు ఎవరో తెలియదు. దుర్గాంబ అయితే కనిపించిన ప్రతి పిల్లనీ, “అదిగో మనదే!” అంటూ వేలు చూపిస్తూనే ఉంది. పిల్లలంతా చెయ్యెత్తి ప్రమాణం చేస్తుంటే సీతారామాంజనేయులు కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు.

కవాతు అయ్యాక, బిడ్డల్ని దేశానికి ఇచ్చిన తల్లిదండ్రులకి చిన్న పతకం తగిలిస్తారన్నారు. ఒక మహిళా అధికారి వరసలో నవ్వుతూ వస్తోంది. శేషుకుమారి చటుక్కున వెనక్కి జరిగింది.

“పెద్దమ్మగారూ, మీరు నిలబడండి. అక్క ఉంటే అక్కకి దక్కేది... అక్క బదులు మీరే...”

“నోరు మూసుకుని ముందుకి నడు!” దుర్గాంబ ఆమె వీపు మీద చెయ్యేసి ఒక్క తోపు తోసింది. “కన్నది నా కూతురే, కాదన్నదెవరు? పంపిన తల్లికి ఇస్తారంటే మాత్రం... పంపింది నువ్వే!”

పతకం చీర కొంగు మీదికి వచ్చింది. ఆ వెంటనే సాహితి వచ్చి, మడమలు టక్కున చేర్చి, పిన్నికి సెల్యూట్ కొట్టింది. ఎండకి నల్లబడింది, బుగ్గలు లోపలికి పోయాయి... ఆ కళ్ళలో వెలుగు మాత్రం వెయ్యి రెట్లయింది!

బదులుగా ఏం చెయ్యాలో శేషుకుమారికి తెలియలేదు. రెండు చేతులూ చాచి పిల్ల తల నిమిరింది. టోపీ కాస్తా పక్కకి ఒరిగిపోయింది.

“పిన్నీ! టోపీ... సార్లు చూస్తున్నారు!”

“చూడనివ్వవే తల్లీ...” అంటూ, అంతమంది మధ్యలో, ఎవరేమనుకుంటారోనన్న ఆలోచనే లేకుండా, శేషుకుమారి హాయిగా ఏడ్చింది.